లక్క ప్లేటు

12 జూన్ 1983, ఆదివారం

పొద్దుటి నుంచి వాన. బొంబాయిలో మా పదకొండో గల్లీ అంతా నల్లగా మెరుస్తోంది, అప్పుడే ప్రెస్సులోంచి తీసిన పాటల ప్లేటులాగా. గది ముందున్న గ్యాలరీలో నిలబడి చాలాసేపు చూశాను. చినుకు పడ్డ చోటల్లా వలయాలు లేచి ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి. వాటి మీద సూది పెడితే ఏం పాట వినిపిస్తుందో అనిపించింది. పదకొండేళ్లు రికార్డుల ఫ్యాక్టరీలో పనిచేస్తే మనిషికి ఇలాంటి ఆలోచనలే వస్తాయి కాబోలు.

ఈ డైరీ పోయిన దీపావళికి ఫ్యాక్టరీ సేఠ్ ఇచ్చింది. ట్రంకు అడుగున పడి ఉంది. తెలుగు బడిలో ఏడో తరగతి దాకా నేర్చుకున్న అక్షరాలు చేతిలో ఇంకా ఉన్నాయో లేదో చూద్దామని తీశాను. నా భార్య గంగాబాయికి చదవడం రాదు. తీసింది అందుకని కాదు.

మధ్యాహ్నం చంద్రమ్మ అడిగింది. గంగ మా ఒంటి గది ఖోలీలోనే పది మంది పాలమూరు కూలీలకు వండిపెడుతుంది, చంద్రమ్మ వాళ్లలో ఒకతె. స్లాబు పని చేస్తుంది, ఇసుక తట్ట నెత్తిన పెట్టుకుని నిచ్చెన ఎక్కుతూ పాడుతుంది. నాలుగేళ్ల కిందట సేఠ్ ఆమె చేత రెండు పాటలు పాడించి చిన్న ప్లేటు వేశాడు, తెలుగు వాళ్లుండే చాళ్లలో అమ్ముడుపోతుందని. పోలేదు.

"అన్నా, నా ప్లేటు ఒక్కటియ్యరాదె. ఊర్ల ఎవ్వలు నమ్ముతలేరు. ప్లేటుల పాడిన్నంటె నవ్వుతున్నరు."

"చూస్తా తియ్యి" అన్నాను.

చూడడానికి ఏమీ లేదు. అమ్ముడుపోక తిరిగొచ్చిన ఆమె ప్లేట్లన్నీ పోయిన నెలలో ఫ్యాక్టరీ పెరట్లో కాల్చేశారు.

19 జూన్

గంగ నీళ్ల బిందెతో రెండో అంతస్తు ఎక్కి, మెట్ల మలుపులో కూర్చుండిపోయింది. దగ్గు ఆగలేదు. దవాఖానా డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి విని, "ఇంట్లో కట్టెల పొయ్యి మీద పది మందికి వండుతారా?" అని అడిగాడు. అవునన్నాను. "అదే" అన్నాడు.

పొయ్యి పొగ.

20 జూన్

పొయ్యి పొగే.

26 జూన్

రాత్రి క్రికెట్టులో మన దేశం గెలిచిందట. నాగ్‌పాడా నుంచి ఫాక్‌లాండ్ రోడ్ దాకా బాణసంచా. ఇవాళ పొద్దున కూడా గల్లీలో ఎర్ర కాగితాల ముక్కలు వాన నీళ్లలో తేలుతున్నాయి. గంగ కిటికీ మూసేసింది.

మా కిటికీ ఫ్యాక్టరీ పెరటి వైపు ఉంటుంది. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం అక్కడ కాలుస్తారు. ప్లేట్లు నొక్కగా మిగిలిన అంచులను మళ్ళీ కరిగించవచ్చు. మధ్యలో కాగితం అంటుకున్నవి మాత్రం దేనికీ పనికిరావు. అవీ, తిరిగొచ్చినవీ కాలుస్తారు. ప్లేట్లకు కరిగించే ఆ నల్ల ప్లాస్టిక్ గుళికలు పెట్రోలు నుంచి, ఇంకేవో గ్యాసుల నుంచి తీస్తారని ఒకసారి సేఠ్ చెప్పాడు. కాలేటప్పుడు వచ్చే వాసన గొంతులో పుల్లగా, నాలుక మీద ఇనుములాగా ఉంటుంది.

ఆ కాల్చే పని మా ఫ్యాక్టరీ కూలీ బక్కయ్యది. గంగకు అలాగే తెలుసు.

8 జూలై, శుక్రవారం

కిరోసిన్ స్టవ్వు తెచ్చాను. గంగ దాని మీద జొన్న రొట్టెలు కాల్చి, రుచి లేదని తిట్టింది. దగ్గుతూనే తిట్టింది.

10 జూలై

కూతురు తారాబాయికి నెలలు నిండాయి. గంగ షోలాపూర్ వెళ్లింది. రైలెక్కించి వచ్చాను. ఖోలీ ఎంత పెద్దదో ఇవాళే తెలిసింది.

17 జూలై

వండుకోవడం చేతకాక కింది అంతస్తులో లస్మయ్య కాక దగ్గర తిన్నాను. డెబ్బై రెండేళ్లు ఉంటాయి. వయసులో ఉన్నప్పుడు ప్లేట్ల కంపెనీలో లక్క కలిపే పని చేశాడు. ప్లాస్టిక్ రాక ముందు ప్లేట్లను లక్కతోనే చేసేవాళ్లు కదా. నాకు తెలుసు గాని ఎప్పుడూ అడగలేదు.

మంచం కింద నుంచి ఒక ప్లేటు తీసి గోటితో మీటాడు. గుడి గంటకు చిన్న చెల్లెలు ఉంటే అలా మోగుతుంది.

"మీ ప్లాస్టిక్ను మీటు. మోగుతదా? చచ్చిన చేప తీరు పడుంటది. ఇది చెట్టుదిర బిడ్డా. మోదుగ కొమ్మల మీద పురుగులు గూడు కడ్తయ్. గా గూడే లక్క."

"ఇంకేం కలిపేటోళ్లు కాకా?"

"పలక రాయి పొడి. దూది. దీపం మసి. అంతే. గది పగిలినా మళ్ల కరిగించి నొక్కేటోళ్లం. మంటల పడితే పోస్టాఫీసుల సీలు వేసినప్పుడు వాసనొస్తది సూడు, గసుంటి వాసన. ఎవ్వలకు దగ్గు రాలె."

ఆ చివరి మాట ఎందుకన్నాడో తెలియదు. నేను దగ్గు సంగతి ఎత్తనే లేదు.

18 జూలై

తెల్లవారుజామున కల. అడవి. కొమ్మలన్నీ ఎర్రటి గూళ్లతో బరువెక్కి వంగి ఉన్నాయి. ఒక్కో గూట్లో ఒక్కో గొంతు. చెవి పెడితే మాటలు కాదు, మాటలకు ముందు మనిషి తీసుకునే ఊపిరి వినిపిస్తోంది. చాలా చెట్లు తిరిగాను. గంగ ఊపిరి ఏ చెట్టు మీద ఉందో దొరకలేదు.

31 జూలై

గంగ వచ్చింది. మనవరాలట. ముఖం నిండి ఉంది. లోకల్ రైలు దిగి సంచి తనే మోసుకుంటూ గ్రాంట్ రోడ్ స్టేషన్ మెట్లెక్కింది, ఎక్కడా ఆగలేదు.

"మూడు వారాలు ఒక్కసారన్న దగ్గలె తెలుసా" అంది.

"అక్కడ వంట తార చేసిందా?"

"బాలింత ఎట్ల చేస్తది? నేనే చేసిన, కట్టెల పొయ్యి మీద. వాళ్లింట్ల స్టవ్వు యాడిది?"

షోలాపూర్ గాలి పొడి గాలి. అది మంచిది.

5 ఆగస్టు, శుక్రవారం

సాయంత్రం నుంచి మళ్ళీ దగ్గు.

7 ఆగస్టు

చంద్రమ్మకు గుళికలతో ఒక ప్లేటు నొక్కి ఇచ్చేయవచ్చు. ఆమె పాట అచ్చు రేకులు ఇంకా అలమారాలో ఉన్నాయి. ప్రెస్సు తాళాలు నా దగ్గరే ఉంటాయి. కానీ గుళికల బస్తాలో చేయి పెట్టబోతే చేయి ముందుకు పోవడం లేదు.

లక్కతో చేస్తే?

లక్కతో చక్కగా వస్తే సేఠ్‌కు చూపిస్తాను. ఆయన మంచివాడు, ఒప్పుకుంటాడు. అప్పుడు పనికిరాని ప్లేటంటూ ఉండదు, అన్నీ మళ్ళీ కరుగుతాయి. కాల్చే పని ఉండదు. కాల్చే పని లేకపోతే గంగకు చెప్పే పనీ ఉండదు.

21 ఆగస్టు

ఫాక్‌లాండ్ రోడ్‌లో కుర్చీలకు, బల్లలకు పాలిష్ పెట్టే గంగారాం దగ్గర లక్క దొరికింది. వాళ్లు చప్డా అంటారు. పల్చటి రేకులు, తేనె రంగు. వెలుగుకు పట్టి చూస్తే గంగారాం దుకాణం, వీధి, ట్యాక్సీలు అన్నీ తేనెలో మునిగి నెమ్మదిగా కదిలాయి. "ఏం జేస్తవయ్య దీంతోని?" అన్నాడు. "పాట" అన్నాను. నవ్వాడు.

దూదిని పరుపులు కుట్టే పింజారి దగ్గర తీసుకున్నాను. ఏకిన దూది రేణువులు గాలిలో తేలుతూ అతని కనుబొమల మీద వాలాయి. తెలుగు బడిలో నర్సమ్మ పంతులమ్మను విరిగిన పలకలు అడిగాను. ఒక గోనెసంచి నిండా ఇచ్చింది. కొన్నిటి మీద ఇంకా అ, ఆ లు ఉన్నాయి. రోట్లో దంచుతుంటే అవీ పొడిలో కలిసిపోయాయి.

28 ఆగస్టు

మొదటిది. ప్రెస్సు తెరవగానే పొడి పొడిగా రాలిపోయింది.

4 సెప్టెంబరు

రెండోది. అచ్చు రేకుకు అతుక్కుపోయింది. ఊడదీయడానికి ఆదివారమంతా పట్టింది.

"అత్తాకోడళ్ల తీరు కూసోవెట్టినవ్ లక్కను, రేకును. మైనం పుయ్యి నడుమ" అన్నాడు లస్మయ్య కాక.

18 సెప్టెంబరు

మూడోది, నాలుగోది. వేడి ఎక్కువైంది. లక్క మొండికేసి, మళ్ళీ ఎంత కాచినా కరగలేదు. కాక తల పట్టుకున్నాడు. "లక్క ముంగట తొందర పనికిరాదు బాల్‌నర్సూ. పసిపిల్లకు నీళ్లు పోసే వేడి సూస్కోవాలె."

గంగ అడిగింది, ఆదివారాలు ఎటు పోతున్నావని. చంద్రమ్మ ప్లేటు సంగతి చెప్పాను. అది నిజమే.

"గుళికలతోని ఎందుకు చేస్తలేవు?"

"లక్క మంచిది."

"ఎవ్వలకు?"

రొట్టె తిన్నాను.

24 సెప్టెంబరు

పని మధ్యలో నిలబడి కలగన్నాను, కళ్లు తెరిచే. బొంబాయి నిండా లక్క ప్లేట్లు. పిల్లలు చేతుల్లోంచి జారవిడిచి పగలగొడుతున్నారు, ఎవరూ తిట్టడం లేదు. ముక్కలు వీధుల్లో వానకు నాని నేలలో కలిసి, అక్కడి నుంచి ఎర్ర పూల చెట్లు లేస్తున్నాయి. ప్రెస్సు మీద చెయ్యి పెట్టబోయాను. పక్కవాడు లాగకపోతే వేళ్లు పోయేవి.

30 అక్టోబరు

ఎనిమిదోది. ఇంకా ఉబ్బులున్నాయి. లక్కలో తడి ఉంది. రెండు రోజులు ఎండలో పెట్టి చూడాలి.

శుక్రవారాలు ఎప్పట్లాగే గడుస్తున్నాయి.

20 నవంబరు, ఆదివారం

ఇవాళ వచ్చింది. పదకొండోది.

గంగ పాత పెనం మీద లక్కను కరిగించి, పలక పొడి, దూది, మసి కలిపి, రొట్టె పిండిలాగా పిసికి పిసికి నునుపు చేశాను. ప్రెస్సు మూసి, చల్లటి నీళ్లు వదిలి, తెరిచాను. నల్లగా, కొంచెం ఎరుపు తిరిగి, చేతిలో బరువుగా కూర్చుంది. మీటాను. మోగింది.

పరీక్షించే మెషీను మీద పెట్టి సూది దించాను. మొదట సూది రాపిడి, ఒకటే వాన. రేకుల మీద కురిసే వాన. ఆ వాన వెనక, చాలా దూరం నుంచి, నెత్తిన తట్టతో చంద్రమ్మ నడిచి వచ్చింది.

పాట సగంలో ఉండగా తలుపు దగ్గర సేఠ్. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో. సేఠ్ హిందీలోనే మాట్లాడతాడు. నా మనసు ఆ మాటలను తెలుగులో రాసుకుంటుంది.

"ఏం వండుతున్నావు ఇక్కడ?"

చెప్పాను. చెట్టు, పురుగు, పలకలు, దూది అన్నీ చెప్పాను. పగిలితే మళ్ళీ కరిగించవచ్చని, విషపు పొగ ఉండదని చెప్పాను. నా జీవితంలో సేఠ్ ముందు అంతసేపు మాట్లాడడం అదే మొదటిసారి. ఆయన ప్లేటును తిప్పి తిప్పి చూశాడు. వేలితో నిమిరాడు. మా నాన్న ఇలాంటివి కొనేవాడు అన్నాడు. ఒక్క క్షణం ఆయన కళ్లు కూడా ఎక్కడికో పోయాయి.

తర్వాత జేబులోంచి ఒక క్యాసెట్టు తీసి బల్ల మీద పెట్టాడు.

"చాలా ఆలస్యం చేశావు బాలనర్సయ్యా. లక్కా వద్దు, ప్లాస్టిక్ ప్లేటూ వద్దు. జనానికి ఇది కావాలి. సంవత్సరం తిరిగేసరికి ప్రెస్సులు అమ్మేస్తున్నాను."

"మరి అప్పటిదాకా పొగ..."

"పొగ పొగ అంటావేమిటి? తొమ్మిదేళ్లు ఆ పెరట్లో అగ్గిపుల్ల గీసింది ఎవరు? నేనా?"

21 నవంబరు

బక్కయ్య మానేసి ఊరికి వెళ్లి తొమ్మిదేళ్లయింది. వాడు కాల్చింది మొదటి రెండేళ్లే.

25 నవంబరు, శుక్రవారం

ఇవాళ కూడా కాల్చాను. రాసి పెడుతున్నాను. కాల్చారు అని కాదు. కాల్చాను.

13 డిసెంబరు

గంగను పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. ఎక్స్‌రే తీశారు. అద్దం లాంటి దాని మీద పెట్టి వెలుగు వేశారు. గంగ లోపలి భాగం చలికాలపు పొద్దులా తెల్లగా, మసకగా ఉంది. డాక్టరమ్మ చిన్నది, మరాఠీలో నెమ్మదిగా అడిగింది. "ఇంటి దగ్గర ఏమైనా కాలుస్తారా? రబ్బరు, ప్లాస్టిక్?"

గంగ నా వైపు చూడలేదు. "కాలుస్తరు" అంది.

"ఎన్నాళ్ల నుంచి?"

"పదకొండేండ్లు."

పోయిన ఊపిరి పూర్తిగా తిరిగి రాదని, ఆ పొగకు దూరంగా ఉంటే ఉన్నది నిలుస్తుందని డాక్టరమ్మ చెప్పింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో గంగ నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. నేను దిగవలసిన చోటు దాటిపోయినా లేపలేదు. బస్సు ఎక్కడికో పోతూనే ఉంటే బాగుండుననిపించింది.

30 డిసెంబరు, శుక్రవారం

సేఠ్ గోడౌను ఖాళీ చేయమన్నాడు. అమ్ముడుపోని ప్లేట్లన్నీ, పన్నెండు వందల పైనే. "ఆఖరిసారి. సాయంత్రానికి అయిపోవాలి."

పెరట్లో పేర్చాను. నడుం ఎత్తు వచ్చింది. ఎండకు ప్లేట్ల మీది గాడులన్నీ మెరుస్తున్నాయి, నల్లటి నీళ్లు నిలబడినట్టు. కిరోసిన్ పోశాను. అలవాటుగా తలెత్తి మా కిటికీ చూశాను.

తెరిచి ఉంది. గంగ నిలబడి ఉంది, రెండు చేతులు చువ్వల మీద పెట్టుకుని. పిలవలేదు. చెయ్యి ఊపలేదు. చూస్తోంది.

అగ్గిపెట్టెను నీళ్ల తొట్టిలో పడేసి ఇంటికి వచ్చాను.

"ఎందుకాపినవ్?" అంది.

"నీకు తెలుసా?"

"పదకొండేండ్లు నీ అంగీలు ఉతికిందెవ్వలు? బక్కయ్య పెండ్లామా?"

నేలమీద కూర్చున్నాను. ఆమె కూడా కూర్చుంది. అప్పుడు చెప్పాను. ఇన్ని పేజీల్లో ఎక్కడా రాయనిది చెప్పాను. ప్రతిసారీ అంటించే ముందు తలెత్తి కిటికీ చూసేవాణ్ని. మూసి ఉంటే అంటించేవాణ్ని. తెరిచి ఉంటే కాసేపు ఆగి, అప్పుడు అంటించేవాణ్ని.

గంగ తలెత్తి కిటికీ వైపు చూసింది.

"మూసుంటె పొగ లోపలికి రాదనుకున్నవా?"

"అనుకున్నా."

"అనుకున్నవా, అనుకోవాలనుకున్నవా?"

లేచి బిందె తీసుకుని నల్లా దగ్గరకు వెళ్లింది. నీళ్లు వచ్చే వేళ కాదు.

1 జనవరి 1984, ఆదివారం

గంగ మాట్లాడడం లేదు. అన్నం పెడుతోంది.

నిన్న సేఠ్ పిలిచాడు. కాల్చనని చెప్పాను. నువ్వు కాకపోతే ఇంకొకడు అన్నాడు. ఆ ప్లేట్లు నాకివ్వండి, నేను తీసుకెళ్తాను అన్నాను. ఎక్కడికి అన్నాడు. తెలియదన్నాను. ఆయనకు పెరడు ఖాళీ అయితే చాలు. "సోమవారం లోపల తీసుకెళ్లు. తర్వాత రావద్దు" అన్నాడు. కోపంగా అనలేదు.

2 జనవరి

చంద్రమ్మ, వాళ్ల గుంపులో పోచయ్య, ఇంకో నలుగురు తోపుడు బండి తెచ్చారు. పోచయ్య ప్లేట్లన్నీ నీళ్లతో కడిగించాడు, కిరోసిన్ వాసన పోయేదాకా. బిల్డింగు పని జరిగే చోట వాళ్ల గుడిసెల రేకులకు చిల్లులు ఉన్నాయట. ప్లేట్లను పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పరుస్తారట.

"వానకాలంల పాటల కింద పండుకుంటం అన్నా" అంది చంద్రమ్మ.

బండి గల్లీ మలుపు తిరిగే దాకా చూశాను. పైన గ్యాలరీలో గంగ కూడా చూస్తోంది.

9 జనవరి

పది రోజుల తర్వాత గంగ మొదటి మాట: "ఉప్పు ఎక్కువైందా?"

కాలేదన్నాను. ఎక్కువైంది.

22 జనవరి, ఆదివారం

ప్రెస్సులు రేపు పాత ఇనుము వాళ్లు తీసుకెళ్తారు. ఒక్క గంట తలుపు తీసి ఉంచమని సేఠ్‌ను బతిమాలాను. తాళం చెవి పంపించాడు.

చంద్రమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది. లస్మయ్య కాకను ఇద్దరం పట్టుకుని తీసుకొచ్చాం. గంగ వస్తుందనుకోలేదు. చెప్పులేసుకుని వెనకే వచ్చింది. ఇన్నేళ్లలో ఫ్యాక్టరీలో అడుగు పెట్టడం ఇదే మొదలు.

నేరుగా పెరట్లోకి వెళ్లింది. అక్కడ నేల ఇంకా నల్లగా, కొన్ని చోట్ల గాజులా గట్టిపడి ఉంది. కాలితో ఒకసారి రాచింది. తలెత్తింది.

"మన ఖిడికి ఇక్కడికెల్లి గింత దగ్గర కనవడ్తదా?"

"అవును."

"ఎండేసిన నీ లుంగీ సుత కనవడ్తున్నది."

"అవును గంగా."

లోపలికి వచ్చి ప్రెస్సు పక్కన బస్తా మీద కూర్చుంది. నేను క్షమించమని అడగలేదు. అడిగితే ఆమె ఏదో ఒకటి చెప్పవలసి వస్తుంది.

లక్క మిగిలినంత వరకు నొక్కాను. మొత్తం అయిదు ప్లేట్లు. అన్నిటికంటే నునుపుగా ఉన్నది మెషీను మీద పెట్టాను. కాక చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. వాన మొదలైంది. వాన వెనక నుంచి గొంతు వచ్చింది.

ఎత్తుర ఎత్తు తట్టెత్తు
ఎవ్వరి మేడకొ ఈ ఎత్తు

చంద్రమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "గిది నేనేనా? ఎవలో వానల నిలవడి పాడుతున్నట్టున్నది."

"దూది ఎక్కువైంది" అన్నాడు కాక, కళ్లు మూసుకునే. "జరంత తక్కువుంటే గీ వాన తగ్గుతుండె."

"తగ్గొద్దు కాకా" అంది గంగ. "వాన మంచిగున్నది."

12 ఫిబ్రవరి

గంగారాం దగ్గర పాలిష్ పనికి కుదిరాను. పాత బీరువాలకు, కుర్చీలకు లక్క పూస్తాను. గుడ్డతో గుండ్రంగా రుద్దాలి, సున్నాలు చుట్టినట్టు. రుద్దుతూ రుద్దుతూ ఎక్కడున్నానో మరిచిపోతాను. సాయంత్రానికి వేళ్లు ఎర్రగా, పరిమళంగా ఉంటాయి. గంగ నా అంగీ ఉతికే ముందు ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తుంది. నేను చూడనట్టు ఉంటాను.

దగ్గు ఉంది. తగ్గింది. ఉంది.

4 మార్చి

చంద్రమ్మ ఊరి నుంచి తిరిగొచ్చింది. ఆమెకిచ్చిన ప్లేటు ఏమైందని అడిగాను. కొంగు ముడి విప్పింది. మూడు ముక్కలు.

"ఊర్ల వాయించే మెషీన్ ఎవ్వలింట్ల లేదన్నా. ఊరికెనే చూపెట్టిన. ఒకల చేతులకెల్లి ఒకల చేతులకు పోయింది. ఊరంత తిరిగింది. ఆఖరుకు యాదమ్మ చేతులకెల్లి జారింది."

"ఏడ్చినవా?"

"ఎందుకేడుస్త? పగిల్నప్పుడు టంగుమన్నది. గప్పుడు నమ్మిండ్రు, ఏదో ఉన్నది దీంట్ల అని." నవ్వింది. "యాదమ్మే ఏడ్సింది పాపం. ఒక ముక్క ఆమెకిచ్చిన."

ఇంకొకటి ఇవ్వబోయాను. వద్దంది. నీ దగ్గరే ఉండనియ్యి, ముసలిదాన్నయినంక వింట అంది.

18 మార్చి, ఆదివారం

గ్రాంట్ రోడ్ దగ్గర కట్టే బిల్డింగుకు ఇవాళ నాలుగో అంతస్తు స్లాబు. స్లాబు పోయడం మొదలుపెడితే మధ్యలో ఆపరు, కూలీలు భోజనానికి కిందికి దిగరు. గంగ పది మందికీ రొట్టెలు, పప్పు గిన్నెల్లో సర్దింది. నేనొక్కణ్నే తీసుకెళ్తానన్నాను. "నేనొస్త" అంది.

నాలుగు అంతస్తులు. మెట్లకు గోడలు లేవు, పక్కనే ఆకాశం. మొదటి అంతస్తులో ఆగాం. రెండో అంతస్తులో ఎక్కువసేపు ఆగాం. అక్కడి నుంచి రైలు పట్టాలు ఎండలో మెరుస్తూ కనిపించాయి, వాటి అవతల కప్పులు, కప్పుల అవతల సముద్రమో పొగమంచో తెలియని తెలుపు. గంగ నా చెయ్యి పట్టుకోలేదు. నా చొక్కా చివర పట్టుకుంది. మూడో అంతస్తులో మళ్ళీ ఆగాం. నాలుగోది ఎక్కాం.

పైన సిమెంటు తట్టలు చేతి నుంచి చేతికి నదిలాగా పోతున్నాయి. చంద్రమ్మ నడుమ నిలబడి పాడుతోంది, మిగతా ఆడవాళ్లు అందుకుంటున్నారు. ఇక్కడ వాన లేదు. ప్రతి మాటా ఎండలో కడిగినట్టు ఉంది.

గంగ రొట్టెల గంప దించి, కొంగుతో ముఖం తుడుచుకుని, ఊపిరి కూడదీసుకుంది. ఎవరూ అడగలేదు. వాళ్ల గొంతుల్లో గొంతు కలిపింది. మొదటి వరస పూర్తిగా పాడింది. నేను ఆమెతో కాపురం చేయబట్టి ఇరవై నాలుగేళ్లు. ఆమె గొంతు అంత సన్నగా, అంత పైకి పోతుందని నాకు తెలియదు. రెండో వరస కూడా పాడింది. మూడో వరస మధ్యలో ఊపిరి అందలేదు. నోరు తెరిచే ఉంది, మాట రాలేదు. ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, నా వైపు చూసింది.

ఆ మాట నాకు వచ్చు. నాకు పాడడం రాదు. గంగ ఆగిన చోట అందుకున్నాను.